నీలం డ్రమ్ములో పెళ్ళికొడుకు

“ఏమప్పా, ఆ పుదీన సచ్చిపొయ్యి నెలవుతాండాది. ఇంగా దానికి రెండు పూటలా నీళ్ళు పోస్తాండావు. ఏమన్నా మొక్కుబడా?”

పక్కింటి ప్రణీత నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇది.

సంక్రాంతి వెళ్ళాక మేము జమ్మలమడుగు నుంచి ఎమ్మిగనూరుకు ఇల్లు మారాం. మా మిద్దెకూ వాళ్ళ మిద్దెకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. గోడకు అవతల ఆమె పొద్దునా సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోస్తుంది. ఇవతల ఊరికే నిలబడితే బాగుండదు కదా, నాకూ ఒక పని కావాలి. అందుకని ఒక కుండ, అందులో పుదీన. పుదీన తన దారి తాను చూసుకుంది. నేను మాత్రం డ్యూటీ మానలేదు.

నా ఉద్యోగం చీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీయడం. ఒక్కో గడీ నింపుకుంటూ నెమళ్ళూ మామిడి పిందెలూ గీస్తాను. చీర చెంగు నిండా నెమళ్ళు గీసేవాడికి ఒక అమ్మాయితో ఒక్క మాట మాట్లాడడం ఏం కష్టం అనుకునేవాణ్ణి. చాలా కష్టం.

“మొక్కుబడి కాదండీ,” అన్నాను. “మళ్ళీ చిగురు వేస్తుందేమోనని. హోప్.”

“హోప్ అంట! అది ఎండుగడ్డి. అసలు నీకు మొక్కలంటే తెలుసా?”

“తెలుసండీ. యూట్యూబ్‌లో చూశాను.”

“అండీ గిండీ ఎందుకు? నేనేమన్నా మీ హెడ్‌మాస్టరా? ఈపొద్దు మా మిద్దె మీద పని శానా ఉండాది. చేతులు ఖాళీగా ఉంటే గోడ దాటి రా. లేదంటే నీ ఎండుగడ్డికి నీళ్ళు పోసుకుంటా ఉండు.”

ఆ గోడను నేను కలలో చాలాసార్లు దాటాను. కలలో లుంగీ మేకుకు తగులుకోలేదు. ఇప్పుడు తగులుకుంది. చిరిగిన చప్పుడు ఆమెకూ వినబడింది. పెదవి కొరుక్కుని ఆకాశం వైపు చూసింది. కిందికి చూసి ఉంటే నేను తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి.

ఉగాదికి ముందు ఆదివారం అది. వసంతం అంటే మీరు కోయిలనూ పూలనూ ఊహించుకుంటారేమో. మా వైపు వసంతం అంటే పొద్దున ఎనిమిదికే కాళ్ళు కాలే మిద్దె, పళ్ళ మధ్య కరకరలాడే దుమ్ము, ఉన్నట్టుండి లేచే సుడిగాలి. అయినా ఆ రోజు నాకు ఎక్కడో కోయిల కూసినట్టే అనిపించింది. తర్వాత తెలిసింది, అది కింద వీధిలో ఆటో నడిపే రబ్బానీ వేసిన బ్రేకు.

రబ్బానీ ఎర్రమట్టి బస్తాలు, పశువుల ఎరువు, ఒక పెద్ద స్పీకరు పెట్టె తెచ్చాడు. మట్టి సరే, స్పీకరు ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే మాట వృథా అవుతుందని అడగలేదు. ఆమెతో మాట్లాడే మాటలు పొదుపుగా వాడుకోవాలనుకున్నాను.

ప్రణీత జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. అమ్మానాన్నలు బళ్ళారిలో బట్టల కొట్టు నడుపుతారు. ఈమె ఇక్కడ నాన్నమ్మ మల్లక్క అవ్వ దగ్గర ఉంటుంది. ఆ అవ్వ ఇంట్లో ఏ వస్తువునూ పారేయరు, మిద్దె మీదికి పంపిస్తారు. మూత పోయిన ప్రెషర్ కుక్కర్‌లో కొత్తిమీర, తాత హెల్మెట్‌లో కలబంద, స్కూటర్ డిక్కీలో మెంతికూర. ఒక మూలన పాత కమోడ్ నిండా బంతిపూలు విరగబూసి ఉన్నాయి.

“ఆ బంతిపూలు దేవునికి పెట్టకూడదు,” అంది ప్రణీత. “అవ్వ ఆర్డర్. చుట్టాలకు ఇయ్యచ్చు.”

ఇద్దరం పనిలో పడ్డాం. మట్టీ ఎరువూ కొబ్బరిపీచూ కలిపాం. పాత పెయింటు డబ్బాల అడుగున మేకుతో రంధ్రాలు కొట్టాం. నా బొటనవేలి మీద కూడా ఒకసారి కొట్టాను. విరిగిన మగ్గం కొయ్యలు నిలబెట్టి బీర తీగకు పందిరి వేశాం. ఎండ తగలకుండా టమాటా నారు మీదికి ఒక పాత చీర పరిచింది.

“ఈ చీర చూడు. ఎవురు డిజైన్ చేసినారో గాని, ప్రతి నెమలికీ రెండు తోకలు. కట్టుకుంటే జనం నవ్వుతారని చేనేత సొసైటీ వాళ్ళు సగం ధరకు ఇచ్చినారు. ఆ మహానుభావుడు యాడన్నా కనపడితే అడగల్ల, నెమలిని ఎప్పుడన్నా చూసినావా నాయనా అని.”

నేను టమాటా నారును చాలా శ్రద్ధగా పరిశీలించాను.

చీర కొసలు పందిరికి కడుతూ తల తిప్పి చూశాను. అప్పుడు కనబడ్డాడు అతను. నీళ్ళ ట్యాంకు పక్కన, చక్రాల బల్ల మీద, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో నాకంటే రెండడుగులు ఎత్తుగా. నడుముకు జరీ పంచ. మెడ అనదగిన చోట బంతిపూల దండ. నుదురు అనదగిన చోట కుంకుమ. అరటి చెట్టు.

“ఇతనెవరు?” అన్నాను. నిజానికి ఇదేమిటి అనాలి. పంచ కట్టుకున్నవాణ్ణి అలా అనడానికి నోరు రాలేదు.

“మా ఆయన,” అంది ప్రణీత, కొబ్బరిపీచు నలుపుతూ.

నా చేయి తగిలి పక్కనున్న మట్టి తట్ట కాలి మీద పడింది.

“కాబోయే ఆయనలే. పదకొండుకు ముహూర్తం.”

“చెట్టుతోనా?”

“నాకు కుజదోషమంట. మొదట ఎవుర్ని చేసుకుంటే వానికి గండమంట. అందుకని ముందు చెట్టును చేసుకోవల్ల. తాళి అయినంక చెట్టును నరికేస్తారు. గండం దాంతోనే పోతుంది. ఉగాది అయినంక రాయచోటి నుంచి ఎవురో సంబంధం వాళ్ళు వస్తాండారు. ఆలోపల దోషం కడిగేయల్లని అవ్వ పట్టు.”

“నువ్వు బోటనీ లెక్చరర్‌వి కదా! ఇది నమ్ముతావా?”

“నేను నమ్మను. అవ్వ నమ్ముతుంది. నేను కాదంటే అన్నం ముట్టదు. పోనీలే, చెట్టంటే నాకూ ఇష్టమే గదా అని పెళ్ళికి ఒప్పుకుంటి.” ఆమె చేతులు ఆగిపోయాయి. “నరికేదానికే ఒప్పుకోలేదు. అవ్వ వినలేదు.”

లేచి చెట్టు దగ్గరికి వెళ్ళి దుమ్ము పట్టిన ఆకును తుడిచింది.

“పులివెందుల నుంచి పిలక తెచ్చి పెట్టినా. ఎండాకాలం ట్యాంకర్ రాని దినాల్లో నేను స్నానం మానుకోని దీనికి నీళ్ళు పోసినా. డ్రమ్ములో అరటి బతకదన్నారు అందరూ. పైన చూడు, చిన్నాకు వచ్చింది. గెల వేసే ముందే అట్లాంటి ఆకు వస్తుంది. రోంత ఆగితే గెల చూస్తాము. అవ్వేమో కొడవలి నూరి పెట్టుకోనుండాది.”

నవ్వుతూనే చెప్పి, చెట్టు పంచ కుచ్చెళ్ళు సర్దింది. “దీన్ని నరికితే నేను మళ్ళా ఈ మిద్దె ఎక్కను.”

నేను లోపల లెక్క వేసుకున్నాను. చెట్టు పోతే దోషం పోతుంది. దోషం పోతే రాయచోటి వస్తుంది. రాయచోటి వస్తే ప్రణీత పోతుంది. ఒక అరటి చెట్టు ప్రాణం మీద నా ప్రాణం ఇంతలా ఆధారపడి ఉందని ఆ నిమిషం దాకా నాకు తెలియదు.

“ప్రణీతా! చీర కట్టుకుందువు రా! టైమవుతాండాది!” కింద నుంచి మల్లక్క అవ్వ కేక.

“రోంచేపు ఈయన్ని చూసుకుంటా ఉండు,” అని నాకు అప్పగించి మెట్లు దిగింది. గాజులు సర్దుకుంటూ ఒకసారి వెనక్కి చూసింది. నన్నో చెట్టునో తెలియలేదు.

నేనూ పెళ్ళికొడుకూ మిగిలాం. గోడ మీద పళ్ళెంలో పసుపు తాడు, అక్షింతలు, కొబ్బరికాయ ఉన్నాయి.

“అదృష్టవంతుడివి,” అన్నాను అతనితో. “నీకోసం స్నానం మానింది.”

ఆ మాట అన్నానో లేదో, వీధి చివర సుడిగాలి లేచింది. వీధిలో ఆరబెట్టిన నూలును లేపి, రబ్బానీ టోపీని ఎగరేసి, నేరుగా మా మిద్దె ఎక్కింది. రెండు తోకల నెమళ్ళు ఎగిరిపోయాయి. చెట్టు ఊగింది. డ్రమ్ము కింద చక్రాలు కదిలాయి. పెళ్ళికొడుకు బంతిపూల దండతో సహా మెట్ల వైపు బయల్దేరాడు. నిజం చెప్తున్నాను, పారిపోతున్నాడనే అనుకున్నాను.

పరిగెత్తి రెండు చేతులతో కౌగిలించుకున్నాను. అది ముందుకు లాగుతోంది, నేను వెనక్కి లాగుతున్నాను. ఎలాగో డ్రమ్మును పందిరి గుంజ దాకా ఈడ్చాను. చెట్టును గుంజకు కట్టేస్తే ఆగుతుంది. తాడు కావాలి. చేయి చాచితే గోడ మీది పళ్ళెంలో తాడు దొరికింది. లాగిన ఊపుకు పళ్ళెం గాల్లోకి లేచింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది మగ్గం ఇల్లు. కొత్త పడుగు నూలు ఎక్కించిన రోజు పసుపు రాసిన మొదటి పోగును మగ్గం గుంజకు కడతాం. ఒక ముడి కాదు, రెండు కాదు, కళ్ళు మూసుకుని మూడు ముళ్ళు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఆ పని నాదే. నా చేతికి పసుపు పోగు తగిలితే చేయి నన్ను అడగదు, దాని పని అది చేసుకుపోతుంది.

చేసుకుపోయింది. చెట్టు చుట్టూ, గుంజ చుట్టూ తాడు తిప్పి ఒకటి, రెండు, మూడు.

సరిగ్గా మూడో ముడికి గాల్లోకి లేచిన అక్షింతలు నా తల మీదా చెట్టు మీదా రాలాయి. ఆ సంవత్సరం ఎమ్మిగనూరులో అదే మొదటి వాన. సరిగ్గా అప్పుడే కింద రబ్బానీ స్పీకరు పని చేస్తుందో లేదో చూడాలని బటన్ నొక్కాడు. గట్టిమేళం వీధంతా దద్దరిల్లింది.

కళ్ళు తెరిచాను. మెట్ల మీద మల్లక్క అవ్వ నిలబడి ఉంది. వెనక పట్టుచీరలో ప్రణీత. ఆ వెనక టోపీ వెతుక్కుంటూ వచ్చిన రబ్బానీ.

“అయ్యయ్యో!” అంది అవ్వ నెత్తి కొట్టుకుని. “నా మనవరాలి మొగుణ్ణి నువ్వు చేసుకుంటివి గదప్పా!”

“లేదవ్వా! గాలికి పడిపోతా ఉంటే కట్టినా!”

“ఎన్ని ముళ్ళు వేసినావు?”

“మూడు.”

“గాలికి కట్టేటోడు మూడు ముళ్ళు వేస్తాడా? రబ్బానీ, నువ్వు చూసినావా?”

“చూసినా అవ్వా,” అన్నాడు రబ్బానీ. “కళ్ళు మూసుకోని, భక్తిగా వేసినాడు. నా నిఖాలో నేను కూడా అంత శ్రద్ధగా లేను.”

ప్రణీత పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని కంగారుపడ్డాను. నవ్వుతోంది.

పంచాంగం చూసే వీరభద్రయ్య స్వామి పెళ్ళి జరిపించడానికి రావలసి ఉంది. ఆయన బండి మంత్రాలయం దారిలో పంక్చరైంది. అవ్వ ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఏడుపు కలిపి సంగతంతా చెప్పింది.

“ముళ్ళు ఎన్నమ్మా?” అన్నాడు స్వామి.

“మూడు.”

“అక్షింతలు?”

“పడినాయి.”

“మేళం?”

“మోగె.”

“టైమెంత?”

“పదకొండు.”

“అయితే అయిపోయింది. భోజనాలు పెట్టండి.”

“యాడ అయిపోయె స్వామీ! చెట్టు పెళ్ళికొడుకు. ఈ పిల్లోడు పెళ్ళికొడుకు. ఇద్దురు పెళ్ళికొడుకులకు పెళ్ళి ఎట్ల అవుతుంది?”

ఫోన్‌లో లారీల చప్పుడు మధ్య పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. స్వామికి కూడా ఇది కొత్త కేసు.

“అవ్వా,” అంది ప్రణీత కళ్ళు తుడుచుకుంటూ. “అరటి గెలలో ఆడపూలూ ఉంటాయి, మగపూలూ ఉంటాయి. అది పెళ్ళికొడుకూ కావచ్చు, పెళ్ళికూతురూ కావచ్చు. సిలబస్‌లోనే ఉండాది.”

“సిలబస్‌లో ఉంటే ఇంగేముంది,” అన్నాడు స్వామి తేలిగ్గా. “తాళి కట్టింది పిల్లోడు కాబట్టి చెట్టు పెళ్ళికూతురు. పంచ తీసి చీర కట్టండి.”

రబ్బానీ గోడకు తగులుకున్న రెండు తోకల నెమళ్ళ చీర తెచ్చి వినయంగా చెట్టు మీద కప్పాడు. నా డిజైన్ మొదటిసారి ఒకరికి నప్పింది.

అవ్వ మాత్రం నవ్వలేదు. నడుముకు కొంగు బిగించి, గోడ పక్కనున్న కొడవలి అందుకుంది.

“ఇంగొకరితో తాళి కట్టించుకున్న చెట్టు నా మనవరాలికి పనికిరాదు. ఇంట్లో పెట్టుకున్నా మంచిది కాదు. దీన్ని ఇప్పుడే నరికేస్తా. రబ్బానీ, సంతకు పొయ్యి ఇంగో చెట్టు పట్టుకరా. సాయంత్రానికి చేద్దాం.”

ప్రణీత నవ్వు ఆగిపోయింది. “అవ్వా, వద్దవ్వా. నీ కాళ్ళు పట్టుకుంటా,” అంది. ఆ గొంతు నేను ఆ పొద్దు దాకా వినలేదు. అవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. ప్రణీత చెట్టు వైపు కాదు, నా వైపు చూసింది.

ఆ చూపుకు నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

“ఆగు అవ్వా!” అని అరిచి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను. “నా పెళ్ళాన్ని నరికేదానికి నువ్వెవురు?”

ఎదురింటి మిద్దె మీద వడియాలు పెడుతున్న సోమక్క పిండి గిన్నెతో సహా లేచి నిలబడింది.

“పొద్దున పదకొండుకు మూడు ముళ్ళు వేసినా. అక్షింతలు పడినాయి. స్వామి ఒప్పుకున్నాడు. ఇది నా పెళ్ళాం. దీని ఆకు చిరిగినా ఊరుకోను!”

“ఎవుర్రా నీ పెళ్ళాం?”

ఈ మాట వెనక నుంచి వచ్చింది. గోడ అవతల మా అమ్మ శివలీల, ఉతికిన బట్టల బకెట్టుతో.

“ఎప్పుడు చేసుకుంటివిరా?”

“ఇప్పుడే మా.”

“ఎవుర్ని?”

పక్కకు జరిగి చూపించాను. మా అమ్మ చెట్టును పై నుంచి కింది దాకా చూసింది. చెట్టు మొదలు దగ్గర మొలిచిన పిలక మీద ఆమె చూపు ఆగింది.

“బిడ్డ కూడా ఉండాడే,” అంది.

నేను మా అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె బకెట్టు కింద పెట్టి రెండు చేతులూ జోడించి ఆకాశానికి దండం పెట్టింది.

“పీడ పాయె సామీ! వీనికి కుజదోషమని జమ్మలమడుగులో అందరూ సంబంధాలు వెనక్కి తిప్పినారు. దానికే గదా ఊరు మారింది. ముందు అరటి చెట్టును చేసుకోరా అంటే నెల దినాల నుంచి సిగ్గు సిగ్గు అంటా ఉండె. ఈపొద్దు వాని అంతట వాడే చేసుకున్యాడు!”

ఇదీ నా రహస్యం. ఎవరికీ తెలియదనుకున్న దాన్ని మా అమ్మ మూడు మిద్దెలకు వినిపించింది.

“ఏమమ్మా, ఏమంటివి?” అని ఫోన్ అరిచింది. స్వామి ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. “పిల్లోనికి కూడా దోషముందా?”

“ఉండాది స్వామీ.”

“పిల్లకూ ఉంది, పిల్లోనికీ ఉంది. ఇద్దరికీ ఉంటే దోషమే లేదు గదా! చెట్టు ఎందుకు మధ్యలో?”

“చెట్టు కావాలని నువ్వే గదా స్వామీ చెప్తివి!” అంది అవ్వ.

“అప్పుడు ఒక్కరే గదమ్మా ఉండింది.”

కొడవలి మెల్లగా కిందికి దిగింది. అవ్వ నన్ను చూసింది. మా అమ్మను చూసింది. మా అమ్మ ప్రణీతను చూసింది. రబ్బానీ అందరినీ చూశాడు. నేను మాత్రం నా పెళ్ళాం పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

“ఏమే,” అంది అవ్వ మనవరాలితో. “రాయచోటి వాళ్ళకు ఏమని చెప్పల్ల?”

ప్రణీత చెట్టు ముందుకు వచ్చి, నేను వేసిన ముళ్ళు పరీక్షగా చూసింది.

“ఈయప్ప నోరు తెరిచి అడగనీ, చెప్తా. ఇంతవరకు చెట్టుకే తాళి కట్టినాడు. చెట్టు కోసమే అరిచినాడు. నాకు ఇంతవరకు పేరన్నా చెప్పినాడా?”

నిజమే. పొద్దున్నుంచీ ఆమెకు నా పేరు చెప్పలేదు. చెట్టుకు కూడా చెప్పలేదు.

“నా పేరు హరినాథ్,” అన్నాను. ఇక ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి ఆపకుండా చెప్పాను. “చీరలకు డిజైన్లు గీస్తా. పుదీన పెంచేది రాదు. పుదీన అంటే ఇష్టం కూడా లేదు. గోడ కాడ నిలబడితే నువ్వు కనపడతావని కుండ పెట్టినా. నువ్వంటే నాకు శానా ఇష్టం. నీ చెట్టును నరకనీయను, గెల వేసినా నరకనీయను, ఆ పిలకను కూడా పెంచుదాం. నన్ను చేసుకుంటావా?”

“గెల కోసినంక నరకాల్సిందేనప్పా. లేదంటే పిలక పెరగదు. యూట్యూబ్‌లో చెప్పలేదా?” అంది ప్రణీత. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. “సరే గాని, ఒకటి అడుగుతా. నిజం చెప్పు. ఆ రెండు తోకల నెమలి నువ్వేనా?”

“నేనే.”

“అయితే ఆలోచించల్ల.”

చేతికి అంటిన మట్టి దులుపుకుంది. అంతే సేపు ఆలోచించింది.

“ఆలోచించినా. రాయచోటి వాళ్ళకు వద్దని చెప్పవ్వా.”

మల్లక్క అవ్వ కొడవలి పక్కన పారేసి, డ్రమ్ములో రాలిన అక్షింతలు ఏరడం మొదలుపెట్టింది. సగం బియ్యం, సగం పశువుల ఎరువు. అవే మా ఇద్దరి తలల మీదా చల్లింది.

“బళ్ళారికి నేను చెప్తాలే. నేను చెప్తే నా కొడుకు కాదనడు,” అంది. ఆ తర్వాత నా వైపు వేలు చూపించింది. “ఒక్క మాటప్పా. డ్రమ్ము గోడ దాటదు. నీ పెద్దపెళ్ళాం ఈన్నే ఉంటుంది. దానికి నీళ్ళు పోసేదానికి రోజూ నువ్వే రావల్ల.”

“రెండు పూటలా వస్తానవ్వా,” అన్నాను.

“అయితే మేళం వేసేదా?” అన్నాడు రబ్బానీ. ఎవరూ జవాబు చెప్పకముందే కిందికి పరిగెత్తి వేసేశాడు. ఫోన్‌లో వీరభద్రయ్య స్వామి తనకు పాయసం తీసి పెట్టమని మేళం కంటే గట్టిగా అరుస్తున్నాడు.

పని మాత్రం ఆగలేదు. పాయసం తాగి మళ్ళీ మట్టిలో చేతులు పెట్టాం. మా అమ్మ కూడా గోడ దాటింది, ఆమె చీర మేకుకు తగలలేదు. సాయంత్రానికి బీర పందిరి పూర్తయింది. పెయింటు డబ్బాల్లో మిరప నారు నిలబడింది. ఈసారి డ్రమ్ము చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాం. అవ్వ కమోడ్‌లోని బంతిపూలన్నీ కోసి మా అమ్మకు ఇచ్చింది. మేము చుట్టాలమైపోయామని నాకు అప్పుడు అర్థమైంది.

పెద్దవాళ్ళు కిందికి దిగారు. ఎండ తగ్గింది. నేను చెంబు నిండా నీళ్ళు ముంచి మొదట కొత్తిమీర వైపు నడిచాను.

“ఓయ్, యాడికి పోతాండావు? ముందు అక్కకు నీళ్ళు పొయ్,” అంది ప్రణీత.

“ఏ అక్క?”

ఆమె చెట్టు వైపు గడ్డం చూపింది. “నీకు పెద్దపెళ్ళామైతే నాకు అక్కే గదా.”

అక్కకు పోశాను. పిలకకు కూడా. చివర్లో కొద్దిగా నీళ్ళు మిగిలాయి. అలవాటు ప్రకారం గోడ మీద నుంచి వంగి నా పుదీన కుండలో పోయబోయాను.

కుండ నిండా లేత ఆకులు.

చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఎండు కొమ్మల మధ్య ఎవరో గుచ్చిన కొత్త కాడలు వేర్లు పట్టి, చిగుళ్ళు వేసి, గుబురుగా ఉన్నాయి. ఒక రోజులో రాలేదు అవి. వచ్చి చాలా రోజులైంది.

“ఇది... ఇది బతికింది!”

“సచ్చింది ఎట్ల బతుకుతుంది? కొత్తవి నేనే పెట్టినా. నువ్వు ఇంట్లో లేనప్పుడు, గోడ మీద నుంచి వంగి. ఎండుకొమ్మలకు రోజూ నీళ్ళు పోస్తా ఉంటే చూల్లేకపోతి.”

“మరి పొద్దున పుదీన సచ్చిందని ఎందుకు అంటివి?”

“నువ్వు కుండలోకి చూస్తావని.” ఆమె గోడకు ఆనుకుని నా పక్కన నిలబడింది. “నెల దినాల నుంచి నీళ్ళు పోస్తాండావు. ఒక్క దినమన్నా కుండ దిక్కు చూసినావా?”

చూడలేదు. ఇప్పుడు కూడా చూడడం లేదు. చెంబులోని నీళ్ళు కుండలో కాకుండా, గోడకు ఇవతల మా ఇద్దరి కాళ్ళ మీదా పడుతున్నాయి.